పాత మోటారుబండికి పొగగొట్టము

మా యింట 1964వ సంవత్సరపు అంబాసిడరు బండి యొకటి కలదు. మా మామగారు కొన్నది. ఆయన గతించిన పిమ్మట పదునెనిమిది సంవత్సరములు అది పెరటిలోని రేకులపాకలో గోనెపట్టాలు కప్పుకొని, ఊరిపిల్లులకు పురిటిల్లుగా నుండెను. అమ్మివేయుదమని మగవారందురు, అత్తగారు మాటాడక లేచి లోనికి పోవుదురు, ప్రసంగ మంతటితో ముగియును. కడచిన మాఘమాసమున మా యాడుబిడ్డ కుమార్తె వివాహము కుదిరినప్పుడు, వధూవరులను ఆ బండిలోనే యూరేగింపవలెనని అత్తగారు పట్టుపట్టిరి. మోటారుబండి మరమ్మతు మగవారి పనియని మేము దూరముగనే యుంటిమి. అట్లు దూరముండుటవలన మా కుటుంబమునకు కలిగిన భయము మఱియొక యింట కలుగకుండవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఇంజను బాగుపడినది. బ్రేకులు, చక్రములు, సీట్ల గుడ్డ క్రొత్తవైనవి. సైలెన్సరు మాత్రము తుప్పుపట్టి, చేతితో నొత్తిన అప్పడమువలె విరిగెను. అట్టిదే మఱియొకటి వేయింపుడని మావారనిరి. మా మరిది కుమారుడు ఇంజనీరింగు చదువుచున్నవాడు, వాడు దానికొప్పుకొనలేదు. "దొడ్డమ్మా, సన్నగొట్టము ఇంజనుకు ఊపిరాడనీయదు. రెండంగుళముల గొట్టము వేసి, లోపల అడ్డులేని సైలెన్సరు పెట్టినచో బండి లేడివలె దుముకును. ధ్వనియు గంభీరముగా నుండును" అని వాడు మాకు నచ్చజెప్పెను. మెకానిక్ షెడ్డువారును సరే యనిరి. బండి వీధిలోనికి వచ్చిననాడు కుక్కలన్నియు మొఱిగినవి, పిల్లలు కేరింతలు కొట్టిరి, మేమును నవ్వితిమి. అత్తగారు మాత్రము అరుగుమీద కూర్చుండి, "ఇది ఆయన బండి చప్పుడు కాదే" అనిరి. ఆ మాట నెవరును పట్టించుకొనలేదు.

వివాహమైన మూడవనాడు అన్నవరములో సత్యనారాయణస్వామి వ్రతమునకు బయలుదేరితిమి. వధూవరులు వేఱు బండిలో ముందు నడచిరి. మావారు అంబాసిడరు నడుపుచుండిరి. మేము ముందు సీటులో అద్దము దించుకొని కూర్చుంటిమి. వెనుక సీటులో అత్తగారు, నాలుగవ నెల గర్భవతియైన మా కోడలు, దాని మూడేండ్ల పిల్లవాడు ఉండిరి. ఉదయపు చలిగాలి తగులకుండ వెనుక అద్దములు బిగించితిమి. గంట గడచునప్పటికి కోడలికి వాంతి యైనది. వేవిళ్లేగదా యనుకొంటిమి. అత్తగారు తల పగులుచున్నదనిరి. పెండ్లి బడలిక యనుకొంటిమి. పిల్లవాడు నిద్రపోయెను, చక్కగా నిద్రించుచున్నాడని సంతోషించితిమి. కొండక్రింద బండి యాగినపుడు వాడు పిలిచినను, తట్టినను లేవలేదు.

ఆ చెంతనే నిలిచియున్న యొక ముసలి టాక్సీ డ్రైవరు పరుగున వచ్చి, నాలుగు తలుపులును తెరచి, పిల్లవానిని గాలిలోనికి తీసుకొని పొమ్మని కేకవేసెను. పిదప డిక్కీ మూత యెత్తి మాకు చూపెను. లోపలి చాప అంచులన్నియు మసిబారియున్నవి. "అమ్మగారూ, ఈ బండి పొగ బయటికి పోవుట లేదండి. ఇందులోనికే వచ్చుచున్నది" అనెను. గొట్టము బంపరుదాక రాక, డిక్కీ అడుగున జానెడు లోపలనే ముగిసియుండెను. డిక్కీ మూతకుండు రబ్బరు పదునెనిమిది సంవత్సరముల యెండకు ఎండి బీటలు వారియుండెను. ఈ రెంటిని ఎవరును చూడలేదు. గంభీరమైన ధ్వనినే అందరును వినిరి.

వారిని ముగ్గురిని వెంటనే ఆసుపత్రికి తీసుకొనిపోయి ప్రాణవాయువు పట్టించితిమి. సాయంకాలమునకు పిల్లవాడు ఇడ్డెన తినెను. కోడలి గర్భమును గూర్చి మాత్రము అయిదారు వారములు మాకు నిద్రలేదు.

తిరిగి వచ్చిన తరువాత మేము ఊరకుండలేదు. మెకానిక్కుల నడిగి, పుస్తకములు తిరుగవేసి, పాతబండ్లను ప్రాణముగా చూచుకొనువారితో మాటాడి, ఈ గొట్టము సంగతి యేమో తెలిసికొంటిమి. ఇందులో స్త్రీలకు అర్థముకానిది ఏమియును లేదు. కట్టెపొయ్యితో కాపురముచేసిన మన పెద్దలకు దీనిలో సగము ముందే తెలియును.

ముందుగా మాట సంగతి. మన దేశమునను ఇంగ్లండునను సైలెన్సరు అనునదానినే అమెరికావారు మఫ్లరందురు. మనకు మఫ్లరనగా చలికాలములో తాతగారు మెడకు చుట్టుకొను ఉన్నిగుడ్డ. రెండును నోరు మూయించునవే గావున పేరు సరిపోయినది. అమెరికాలో ఇండియానా రాష్ట్రమందలి కొలంబస్ పట్టణమున మిల్టన్ రీవ్స్, మార్షల్ రీవ్స్ అను సోదరులు 1897లోనే దీనికి పేటెంటు పొందిరి.

ఇంజనులో పెట్రోలు మండినప్పుడెల్ల వేడివాయువు ఒక్కపెట్టున బయటికి దుముకును. అంబాసిడరు ఇంజను నాలుగు సిలిండర్లది; 1489 ఘన సెంటీమీటర్లది. అది నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునపుడు సెకనుకు 66 మార్లు ఈ దుముకుడు జరుగును. మూతలేని గొట్టములో నది ఫిరంగివలె మ్రోగును. సైలెన్సరు డబ్బా ఆ దెబ్బలను మెత్తబరచి, ఒకదాని వెనుక నొకటి తరుముకొను అలలను ఇంచుమించు సమమైన ప్రవాహముగా మార్చి పంపును. ఆ ప్రవాహమును ఇంజను ముందునుండి మనుష్యులు కూర్చున్న చోటు దాటించి వెనుకకు చేర్చునది గొట్టము. ధ్వని తగ్గించుట సైలెన్సరు పని. విషము దూరముగా పారవేయుట గొట్టము పని. మగవారు మొదటిదానిని గూర్చియే గంటలకొలది వాదింతురు.

ఇక గొట్టము లావెంత యుండవలెను? మా కుఱ్ఱవాని వాదములో కొంత నిజము లేకపోలేదు. మిక్కిలి సన్నని గొట్టములో పొగ యిరుకుకొని, ఇంజను తన బలములో కొంత పొగను నెట్టుటకే వ్యయము చేయును. కాని లావైనకొలది మంచిదనుట తప్పు. మన ఊదుగొట్టమునే చూడుడు. సన్నని వెదురుగొట్టముతో ఊదిన గాలి వేగముగా పోయి నిప్పు రాజును. అదే గాలిని మూరెడు లావు బొంగులో ఊదిన బూడిదైనను కదలదు. పొగయు నంతే. తగిన గొట్టములో వేగముగా పోవుచున్న పొగ తన వెనుక కొంత ఖాళీని విడుచును. తరువాతి సిలిండరు పొగను ఆ ఖాళీ లాగుకొనును. మితిమీరి లావైనచో వేగము తగ్గును, పొగ దారిలోనే చల్లారును, గొట్టము పీపావలె గుమగుమ మ్రోగును. ఊరేగింపులో, సంతవీధిలో, మెల్లగా నడచునప్పుడు కావలసిన లాగుడుబలము పెరుగుటకు మారుగా తగ్గవచ్చును. ఇంజనుకు కొంత అడ్డు, అనగా బ్యాక్ ప్రెషరు, ఉండితీరవలెనని కొందఱు మెకానిక్కులందురు. అదియు సరికాదు. అడ్డు ఎవరికిని మేలుచేయదు, కావలసినది వేగము.

దీనికొక మోటులెక్క కలదు. గొట్టము లోపలి వైశాల్యము ఒక చదరపు అంగుళ మున్నచో ఇంచుమించు 50 హార్సుపవరు ఇంజనుకు చాలును. ఒకటిన్నర అంగుళముల గొట్టమును తీసికొందము. రేకు మందము పోగా లోపల సుమారు ఒకటిన్నర చదరపు అంగుళములు మిగులును. అది 75 హార్సుపవరుదాక సరిపోవును. అంబాసిడరు 1489 ఇంజను బలము క్రొత్తలోనే 55కు మించదు. అరువది యేండ్లకు ఎంత మిగిలెనో దానికే యెరుక. ఇదే ఇంజనును జంట కార్బ్యురేటర్లతో ఇంగ్లండులో ఎం.జి.ఏ. అను పరుగుబండిలో పెట్టి 70 హార్సుపవరు రాబట్టిరి. దానికిని ఆ లెక్క చాలును. మా కుఱ్ఱవాడు వేయించిన రెండంగుళముల గొట్టము లోపల రెండుముప్పాతిక చదరపు అంగుళములుండును. అది 140 హార్సుపవరు ఇంజనుకు తగినది! చిట్టిచెంబునకు గంగాళము మూత పెట్టినట్లు.

అంగుళము అరయే పెరిగినదిగదా, వైశాల్యము దాదాపు రెట్టింపెట్లయ్యెనని కొందఱికి సందేహము కలుగవచ్చును. గుండ్రని వానికెల్ల ఇంతే. దోసె వెడల్పు మూడవవంతు పెరిగినచో పిండి మూడవవంతు పెరిగిన చాలదు. దాదాపు రెండింతలు పట్టును. దోసె పోసినవారి కీ సంగతి చెప్పనక్కరలేదు.

ఫియట్ బండ్లు గలవారి యిండ్లలో లెక్క ఇంకను సులభము. 1089 ఘన సెంటీమీటర్ల ఆ ఇంజను బలము ఇంచుమించు 40 హార్సుపవరు. ఒకటిన్నర అంగుళమునకు మించినది దానికెందుకును పనికిరాదు. ఆరు సిలిండర్ల పాత అమెరికా బండ్లు నేటికిని కొన్ని బంగళాలలో నిలిచియున్నవి. 100 హార్సుపవరుదాక గలవానికి ఒకటిముప్పాతిక అంగుళముల గొట్టము సరిపోవును.

గొట్టము కొలుచుటకు మెకానిక్ పరికరమక్కరలేదు. మన కుట్టుపెట్టెలోని టేపు చాలును. గొట్టము చుట్టును టేపు చుట్టి చూడుడు. 12 సెంటీమీటర్లు వచ్చినచో అది ఒకటిన్నర అంగుళముల గొట్టము. 14 వచ్చినచో ఒకటిముప్పాతిక. 16 వచ్చినచో రెండు. మా పాత గొట్టము ముక్క నట్లు కొలువగా 12 వచ్చెను. కొలుచునపుడు సూటిగానున్న చోటనే కాక వంపులయొద్దను చూడవలెను. యంత్రముతో చల్లగా వంచిన గొట్టము వంపులో నలిగి నొక్కుకొనిపోవును. అచ్చటి యిఱుకే మొత్తము గొట్టము కొలతయగును. మన యూళ్లలో పాత పనివారు గొట్టమునిండ ఇసుక దట్టించి, రెండు కొనలు మూసి, ఎఱ్ఱగా కాచి వంచుదురు. అట్లు వంచినది నలుగదు. అట్టి పనివాడు దొరికినచో వానిని విడువరాదు. వెనుక కొనకు తగిలించు వెండిమెఱుగు తొడుగు మూడంగుళములున్నను నాలుగున్నను లోపలి గొట్టమున కేమియు కాదు. అది కేవలము ముక్కెర.

సైలెన్సరులు ముఖ్యముగా రెండు విధములు. కంపెనీవారు అమర్చు మామూలు డబ్బాలో గదులు, అడ్డుపలకలు ఉండును. పొగ ముందునకు పోయి, వెనుకకు మరలి, మఱల ముందునకు పోయి బయటపడును. ధ్వని అలలు ఒకదాని నొకటి కొట్టుకొని చల్లారును. రెండవదానిలో చిల్లులుగల గొట్టము ఈకొననుండి ఆకొనకు సూటిగా పోవును. దానిచుట్టు గాజుదూది కూరియుండును. ఇది సన్నని కీచుధ్వనులను పీల్చుకొనును గాని మోటు గుంయికారమును చాలవఱకు విడిచిపెట్టును. నాలుగు సిలిండర్ల బండి నిమిషమునకు 2,400 చుట్ల వేగమున పోవునప్పుడు సెకనుకు 80 దెబ్బలు పడును. బండిలోపలి గాలి ఆ ధ్వనికి తానును మ్రోగుటవలన చెవిలో తుమ్మెద దూరినట్లుండును. కుఱ్ఱవారికది మొదటి పది మైళ్లు సంగీతము. వెనుక సీటులో పసిపాపను ఒడిలో పెట్టుకొన్న తల్లికి అది శిరోభారము. పైగా కొన్నేండ్లకు గాజుదూది కాలి చెదరిపోయి ధ్వని మఱింత పెరుగును. నిలుకడగా కుటుంబము తిరుగు బండికి గదుల సైలెన్సరే మా యభిప్రాయమున మేలు. డబ్బా యెంత పెద్దదైన నంత శాంతము. బండి యడుగున చోటెంత యున్నదో చూచి, చిన్నదానికి ఆశపడక, పట్టినంత పెద్దది పెట్టించుడు.

ఇక్కడ మఱియొక చిక్కు కలదు. సైలెన్సరును గొట్టమును వదులు చేసినచో, పాత కార్బ్యురేటరు ఆ మార్పును తనంతట తెలిసికొనలేదు. గాలి యెక్కువై పెట్రోలు పాలు తక్కువైనచో ఇంజను మితిమీరి వేడెక్కి, పొగవాల్వులు కాలిపోవును. మా బండికి ఆ దుర్గతి పట్టకముందే గొట్టము మార్చితిమి. ఏ మార్పు చేసినను కార్బ్యురేటరును మరల సరిచేయించితీరవలెను.

తుప్పు సంగతి చెప్పినచో సోదరీమణు లాశ్చర్యపడుదురు. ఒక లీటరు పెట్రోలు మండినచో ఇంచుమించు ఒక లీటరు నీరు పుట్టును. అది ఆవిరియై గొట్టము వెంట పోవును. దూరప్రయాణములో గొట్టమంతయు కాగి ఆవిరి బయటపడును. గుడికి పోయి వచ్చుటకు, సందు చివర అంగడికి పోయి వచ్చుటకు బండి తీసినచో, సైలెన్సరు వేడెక్కకముందే ఇంజను ఆగును. ఆవిరి డబ్బాలోనే నీరై నిలిచి లోపలినుండి కొరుకును. పైకి నల్లరంగు నిగనిగలాడుచుండగనే లోపల జల్లెడయగును. అందుచేత డబ్బా యడుగున, అన్నింటికంటె పల్లమైన చోట, బియ్యపుగింజ పట్టునంత చిల్లు ఉంచుదురు. ఉదయమున దానినుండి నీటిచుక్కలు రాలినచో భయపడరాదు. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్లలో ఉప్పుగాలి బయటినుండియు కొరుకును. మామూలు ఇనుపగొట్టము చవుక. అల్యూమినియము పూతగలది కొంత మేలు. స్టెయిన్‌లెస్ స్టీలు చాలకాలము మన్నును. స్టెయిన్‌లెస్‌లోను రకములు కలవు. అయస్కాంతము గట్టిగా అంటుకొన్నచో అది తక్కువరకము; పైన తుప్పుమరకలు పట్టును. అంటీయంటనట్లున్నచో మన గిన్నెల రకము. నీళ్ల కుళాయిలకు వాడు జి.ఐ. గొట్టమును తెచ్చి అతుకుదుమనువారి మాట వినరాదు. దాని జింకు పూత వెల్డింగు వేడికి మండి, ఆ పొగ పనివానికి జ్వరము తెప్పించును.

ఇక మా యింట ప్రాణముమీదికి తెచ్చిన విషయము. పొగలో కార్బన్ మోనాక్సైడు అను వాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. క్రొత్తబండ్ల గొట్టములలో దానిని చాలవఱకు నశింపజేయు క్యాటలిటిక్ కన్వర్టరు ఉండును. మన దేశమున అది 1995లో మద్రాసుతో చేరి నాలుగు మహానగరములలో అమ్ము క్రొత్త పెట్రోలు కార్లకు మొదలైనది. అంతకు ముందటి బండ్లలో లేదు. పాత కార్బ్యురేటరు బండి పొగలో నూటికి రెండు మూడు పాళ్లు ఈ వాయువే యుండుట సామాన్యము. పీల్చు గాలిలో వేయింటికి ఒకటిన్నర పాళ్లున్నను ఇరువది నిమిషములలో తలనొప్పియు, రెండు గంటలలో ప్రాణాపాయమును కలుగును. మన నెత్తురులోని హీమోగ్లోబిను ప్రాణవాయువునకంటె దీనిని రెండువందల రెట్లు గట్టిగా పట్టుకొనును. గర్భస్థశిశువు నెత్తురు ఇంకను గట్టిగా పట్టుకొని, తల్లి తేరుకొన్న తరువాతను ఆలస్యముగా విడుచును. తలనొప్పి, వికారము, మగత, ఇవియే గుర్తులు. మా కోడలి వికారమును వేవిళ్లనుకొన్నట్లే, ఎన్ని యిండ్లలో ఎందఱు దీనిని పైత్యమనియు ప్రయాణపు బడలికయనియు అనుకొనిరో! ఒకే బండిలో ఒకేసారి ఇద్దఱు ముగ్గురికి తల నొచ్చినచో అది పైత్యము కాదు. బండి యాపి, తలుపులు తెరచి, అందఱును దిగవలెను.

ఈ వాయువు లోనికి వచ్చు దారులు మూడు. ఇంజనుకు గొట్టమునకు నడుమ ప్యాకింగు కాలిపోయిన చోటు ఒకటి. సైలెన్సరులోను అతుకులలోను పడిన చిల్లులును, వానిపైనున్న నేలరేకు తుప్పురంధ్రములును రెండవది. మూడవది మా బండిదే: కురుచగొట్టము. పరుగెత్తుచున్న బండి వెనుక గాలి పలుచబడి, పొగను బండివైపునకే లాగుకొనును. కావున గొట్టము కొన బంపరును దాటి ఒకటి రెండంగుళములు బయటికి రావలెను. డిక్కీ మూత రబ్బరు మెత్తగా నుండవలెను. పందిరిగుంజలో, పరుపులో డిక్కీలో పెట్టి మూత తెరచియుంచి ప్రయాణము చేయుట మహాప్రమాదము. 1989 నాటి కేంద్ర మోటారువాహనముల నియమములును ఇంజనుపొగ క్రిందికిగాని యెడమప్రక్కకుగాని పోరాదనియు, వెనుకకో కుడిప్రక్కకో పోవలెననియు, ప్రతి బండికిని సైలెన్సరు ఉండితీరవలెననియు చెప్పుచున్నవి. మన దేశమున యెడమప్రక్క నడచిపోవు బాటసారులుందురుగదా.

గొట్టమును బండి చట్రమునకు బిగించి కట్టివేయరాదు. ఇంజను నిలిచినచోటనే ఊగులాడుచుండును. దానితో గొట్టమును ఊగవలెను. రబ్బరు పట్టీలతో ఉయ్యాలవలె వ్రేలాడదీయుట సరియైన పద్ధతి. ఇనుపతీగతో బిగించినచో అతుకులు పగులును, చప్పుడంతయు బండిలోనికి పాకును. పెట్రోలుగొట్టమునకు, బ్రేకుగొట్టమునకు, నేలరేకునకు ఎడముండునట్లు చూడవలెను.

షెడ్డునుండి బండి తెచ్చుకొనక ముందు ఇంటివారు చేయదగిన పరీక్ష యొకటి ముసలి డ్రైవరు మాకు నేర్పెను. ఇంజను పూర్తిగా చల్లగా నున్నపుడు, ఆరుబయట, ఒకరు బండిని స్టార్టు చేయవలెను. మఱియొకరు దళసరి గుడ్డను మడతలుపెట్టి గొట్టము కొనకు రెండు మూడు క్షణములు అదిమిపట్టవలెను. అతుకు లన్నియు బాగున్నచో ఇంజను ఉక్కిరిబిక్కిరియై ఆగబోవును. ఎక్కడనైన బుస్సుమని వినబడినచో అక్కడ చిల్లున్నదన్నమాట. గొట్టము కాగిన తరువాత ఈ పని చేయరాదు, చేయి కాలును. అతుకుల చుట్టు నల్లని మసిగీత కనబడినను అదే గుర్తు.

మేము మఱల ఆ షెడ్డునకు పోలేదు. విజయవాడ ఆటోనగరములో అంబాసిడరులకే సైలెన్సరులు చేయు ముసలిమేస్త్రీ యున్నాడని విని అచ్చటికి బండి పంపితిమి. కలకత్తాయొద్ద ఉత్తరపారాలో హిందూస్థాన్ మోటార్సువారు 2014లో అంబాసిడరులు చేయుట మానినను, ఆ బండి భాగములు అట్టి వీథులలో నేటికిని దొరకుచున్నవి. ఆ మేస్త్రీ మా పాత గొట్టము ముక్కను చేతితో తడవిచూచి, కొలబద్ద తీయకయే "ఒకటిన్నర" అనెను. మా మరిది కుమారుడును వెంట పోయెను. వాడు ఏమియు మాటాడలేదట. ఇసుకతో వంచిన ఒకటిన్నర అంగుళముల గొట్టము, పాతకొలత గదుల సైలెన్సరు, క్రొత్త ప్యాకింగు, నాలుగు రబ్బరు పట్టీలు, డిక్కీ చుట్టు క్రొత్త రబ్బరు. గొట్టము కొన బంపరును రెండంగుళములు దాటియున్నది. ఆ రెండంగుళములను వాడే టేపుతో కొలిచి మాకు టెలిఫోనులో చెప్పెను.

మఱియొక విషయము కూడ చెప్పవలసియున్నది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వమువారు ఏబదియేండ్లు దాటిన బండ్లను వింటేజి బండ్లుగా రిజిస్టరు చేయుటకు నియమము లేర్పఱచిరి. నంబరులో వి.ఏ. అను అక్షరములుండును, క్రొత్త రిజిస్ట్రేషనుకు రుసుము 20,000 రూపాయలు, పదియేండ్లకు చెల్లును, తిరిగి చేయించుటకు 5,000. అట్టి బండి మూలరూపమున నుండవలెను, చట్రము, శరీరము, ఇంజను గణనీయముగా మార్చియుండరాదు, నిత్యోపయోగమునకు వాడరాదు. గొట్టము మార్చినంతనే యోగ్యత పోవునని మేమనము. కాని లావు గొట్టము పట్టుటకై చట్రము కోయువారిని, నేలరేకు కొట్టువారిని మేము చూచితిమి. కోసిన ఇనుము మరల రాదు. వింటేజిలోనికి పోవలెనో, మామూలు రిజిస్ట్రేషనునే అయిదేండ్లకొకమారు పొడిగించుకొనవలెనో మా యింట ఇంకను తేలలేదు. వ్రతములకును పెండ్లిండ్లకును కాక అప్పుడప్పుడు సంతకును పోవలెనని అత్తగారి కోరిక.

శ్రావణమాసమున మా కోడలికి ఆడుపిల్ల కలిగినది. తల్లియు బిడ్డయు క్షేమము. బారసాలకు అంబాసిడరు వాకిట నిలిచినపుడు అత్తగారు వంటయింటిలో గారెలు వేయించుచుండిరి. చప్పుడు విని, చేతి గరిట ఆపి, ఒక క్షణము నిలిచి, మరల గారెను త్రిప్పిరి. రెండంగుళముల గొట్టమును పాతసామానులవానికి వేయుదమంటిమి గాని, మా మరిది కుమారుడు దానిని పెరటిలో పాతి బీరపాదు ప్రాకించినాడు. కాయలు బాగుగనే కాయుచున్నవి.